అరకిలోమీటరుతో మొదలుపెట్టండి: హైదరాబాద్‌లో పెద్దవాళ్లకు దొరికే సాయాన్ని వాడుకోవడం ఎలా

అమ్మ పోయాక నాన్నను జనగామ నుంచి నల్లకుంటకు తెచ్చుకున్నాం. వచ్చిన మొదటి నెలలో నేను చేసిన ఘనకార్యం ఒకటుంది. పెద్దవాళ్లకు పనికొచ్చే ఫోన్ నంబర్లన్నీ వెతికి నా ఫోన్‌లో సేవ్ చేసుకున్నాను. మొత్తం పదిహేడు. ఆరు నెలలకు ఒక మధ్యాహ్నం, మేమిద్దరం ఆఫీసుల్లో ఉండగా, నాన్న కళ్లు తిరిగి బాత్‌రూమ్ గడప దగ్గర కూలబడ్డారు. గోడ పట్టుకుని లేచి, మంచం మీద వాలి, మేం వచ్చేదాకా మూడు గంటలు అలాగే ఉన్నారు. ఎవరికైనా ఫోన్ చేయొచ్చు కదా నాన్నా అంటే, "నంబర్లు నీ ఫోన్ల ఉన్నయ్. నాకెట్ల తెలుస్తదిరా?" అన్నారు.

ఆ రోజు నుంచి పద్ధతి మార్చాను. ఏ చోటికైనా సరే, అవసరం పడకముందే నాన్న ఒకసారి స్వయంగా వెళ్లి రావాలి. అక్కడి మనిషి మొహం ఆయనకు, ఆయన మొహం అక్కడి మనిషికి తెలియాలి. ఇదంతా అయ్యేసరికి నాకు రెండు నెలల శనివారాలు, నాలుగు సెలవులు పట్టాయి. మేం చేసిన వరుసలోనే రాస్తున్నాను. మీ ఇంటి పరిస్థితిని బట్టి ముందువెనకలు మార్చుకోండి, మొదటి రెండు అడుగులు మాత్రం మార్చకండి.

మొదటి అడుగు: కాగితాల కవరు

జిప్ ఉన్న పారదర్శకమైన కవరు ఒకటి కొనండి. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్, పెన్షన్ ఉంటే పీపీఓ (పెన్షన్ మంజూరు ఉత్తర్వు) కాగితం, పది పాస్‌పోర్ట్ ఫోటోలు, ఆఖరిసారి డాక్టర్ రాసిన చీటీ, పాత ఈసీజీ అందులో పెట్టండి. లోపల ఏముందో బయటికి కనబడాలి. పెద్దవాళ్లు కవరు తెరవకుండానే కావాల్సింది ఉందో లేదో చూసుకుంటారు.

ముందుగా ఆధార్ చూడండి. రేపు వచ్చే తలనొప్పుల్లో సగం ఇందులోనే ఉంటాయి. మా నాన్న ఆధార్‌కు లింకైన ఫోన్ నంబరు అమ్మది. అమ్మ పోయాక రీచార్జ్ చేసేవాళ్లు లేక ఆ సిమ్ ఆగిపోయింది. ఏ దరఖాస్తు పెట్టినా ఓటీపీ ఆ మూగ నంబరుకే పోయేది. నంబరు మార్చడానికి నాన్నను ఆధార్ కేంద్రానికి తీసుకెళ్లాం. వేలిముద్రలు అరిగిపోయి మిషన్ తీసుకోకపోతే కంగారు పడకండి, కనుపాపలతో చేయమని అడగండి. వయసు కూడా సరిచూడండి. మన పెద్దవాళ్లలో చాలామందికి పుట్టినతేదీ జనవరి ఒకటో, జూలై ఒకటో అని ఎవరో అందాజాగా వేసిందే ఉంటుంది. డెబ్బై ఏళ్ల మీద వచ్చే ఆరోగ్య కార్డుకు ఆధార్‌లో ఉన్న వయసే లెక్క.

రెండో అడుగు: అరకిలోమీటరు నడక

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. డబ్బు కూడా ఖర్చవదు.

పెద్దాయనతో కలిసి, ఆయన వేగంలో, ఇంటి నుంచి అరకిలోమీటరు లోపల నాలుగు వైపులా నడవండి. ఉదయం పదిన్నర ప్రాంతంలో వెళ్లండి. ఎనిమిదిన్నరకు స్కూలు బస్సులు, సాయంత్రం ఆరింటికి బైకులు, రెండూ మనల్ని గోడకు నొక్కేస్తాయి. నడుస్తూ ఇవి గమనించండి: కూర్చోవడానికి అరుగు ఎక్కడుంది, ఫుట్‌పాత్ ఎక్కడ తెగింది, ఏ మలుపులో కేబుల్ వైర్లు కాళ్లకు తగిలేలా వేలాడుతున్నాయి, రోడ్డు దాటడానికి ఎక్కడ ఆగాలి. మా సందు చివర మూసేసిన టైలర్ షాపు ముందు రెండు మెట్లున్నాయి. నాన్న రోజూ ఆగి కూర్చునే చోటు అదే. ఆ మెట్లు లేకపోతే ఆయన నడక సగానికి తగ్గిపోయేది.

దారిలో ముగ్గురితో పరిచయం చేయండి. ఎవరెవరన్నది మీ ఇష్టం. మేం మెడికల్ షాపతన్ని, కిరాణా అక్కను, మూల మీద చాయ్ హోటల్ అతన్ని ఎంచుకున్నాం. చెప్పింది ఒకటే మాట: "మా నాన్న. ఆ పసుపు బిల్డింగు, మూడో అంతస్తు. రెండు రోజులు కనబడకపోతే నాకు ఫోన్ కొట్టండి." నంబరు కాగితం మీద రాసిచ్చాను. చాయ్ హోటలతను దాన్ని గల్లాపెట్టె మూతకు లోపలివైపు అంటించాడు.

ఇంటి తాళంచెవి ఒకటి పక్కింట్లో ఇవ్వండి. నాన్న పడిపోయిన రోజు ఎవరైనా వచ్చినా తలుపు బద్దలు కొట్టాల్సి వచ్చేది. మొహమాటం ఉంటే, ఊరెళ్లినప్పుడు మొక్కలకు నీళ్లు పోయమని వంక పెట్టి ఇవ్వండి.

"నాకేమైంది, ఎందుకివన్నీ?" అని పెద్దవాళ్లు మొండికేస్తారు. మా నాన్న కూడా వేశారు. "నీకోసం" అంటే కదలరు. "నాకు ఈ గల్లీలు తెలియవు, తోడు రా నాన్నా" అంటే చెప్పులు వేసుకున్నారు.

మూడో అడుగు: బస్తీ దవాఖానాతో ఖాతా తెరవడం

2018 నుంచి నగరంలో బస్తీ దవాఖానాలు నడుస్తున్నాయి. కార్పొరేట్ ఆస్పత్రులకు అలవాటుపడిన మనం వాటి బోర్డు చూసి కూడా దాటిపోతుంటాం. నేనూ అంతే. బీపీ, షుగర్ లాంటి దీర్ఘకాలిక జబ్బులకు నెలనెలా చూపించుకోవడానికి, మందులకు, రక్తపరీక్షలకు అంత దగ్గరగా, ఉచితంగా మరొకటి లేదు. అక్కడ తీసిన శాంపిళ్లు తెలంగాణ డయాగ్నస్టిక్స్ ల్యాబ్‌కు వెళ్తాయి. దాని ప్రధాన కేంద్రం నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో ఉంది. రిపోర్టు ఫోన్‌కు మెసేజ్‌గా వస్తుంది కాబట్టి, చీటీ రాసేటప్పుడు మీరు చూసే నంబరే ఇవ్వండి. అమ్మ సిమ్ కథ మళ్లీ మొదలవ్వకూడదు.

మొదటిసారి ఒంట్లో బాగున్నప్పుడే వెళ్లండి. మేం వెళ్లిన రోజు నర్సమ్మ నాన్న చేతికి బీపీ పట్టీ చుడుతూ, "ఏం తాతా, ఉప్పు ఎక్కువ తింటున్నవా?" అంది. మా మాట పదేళ్లుగా వినని మనిషి ఆ వారం ఆవకాయ తగ్గించారు. ఇప్పుడు నెలకోసారి ఒక్కరే వెళ్లొస్తారు.

అక్కడ అన్నీ కావు. కంటికి మెహిదీపట్నంలో ప్రభుత్వ సరోజినీదేవి కంటి ఆస్పత్రి, బంజారాహిల్స్‌లో ఎల్వీ ప్రసాద్ ఉన్నాయి. చెవికి బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. వినికిడి పరీక్షకు అక్కడికి వెళ్లొచ్చు. చెవి సంగతి వాయిదా వేయకండి. "నాన్న ఎవరితోనూ కలవట్లేదు" అని మేం దిగులుపడింది ఏడాదిన్నర. తీరా చూస్తే ఆయనకు కుడిచెవి సరిగ్గా వినబడటం లేదు. నలుగురిలో మాట అర్థం కాక, తప్పు జవాబు చెప్పి నవ్వులపాలవడం ఇష్టం లేక లేచి వచ్చేసేవారు.

వినికిడి యంత్రం, చేతికర్ర, వాకర్, వీల్‌చైర్, కట్టుడు పళ్ల లాంటివి తక్కువ ఆదాయం ఉన్న వృద్ధులకు కేంద్ర ప్రభుత్వ రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద ఉచితంగా ఇస్తారు. 2017లో మొదలైన పథకం ఇది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి, నెల ఆదాయం 15,000 దాటనివారికి వర్తిస్తుంది. క్యాంపులు పెట్టి కొలతలు తీసుకుంటారు కాబట్టి మీ జిల్లా వృద్ధుల సంక్షేమ శాఖ కార్యాలయంలో క్యాంపు ఎప్పుడో అడిగి ఉంచుకోండి.

ఆరోగ్య కార్డు విషయం. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబర్ 29న మొదలైంది. ఆయుష్మాన్ యాప్‌లో ఆధార్‌తో ఇంట్లోనే చేసుకోవచ్చు. పాత జబ్బులకు కూడా మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. 5 లక్షలు కుటుంబానికి కాబట్టి, ఇంట్లో 70 దాటినవాళ్లు ఇద్దరుంటే ఇద్దరూ పంచుకోవాలి. సీజీహెచ్ఎస్ లాంటి ప్రభుత్వ వైద్య పథకంలో ఉన్నవారు ఏదో ఒకటే ఎంచుకోవాలి, తొందరపడకండి. 14555కు ఫోన్ చేస్తే వివరాలు చెబుతారు. రాష్ట్ర ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి 10 లక్షలు. కార్డు వచ్చాక మీ ఇంటికి దగ్గర్లోని రెండు ఆస్పత్రులకు వెళ్లి, ఆ కార్డు మీద ఏయే విభాగాల్లో చేర్చుకుంటారో కౌంటర్‌లో అడగండి. ఆస్పత్రి జాబితాలో ఉన్నా అన్ని విభాగాలూ ఉండకపోవచ్చు. అర్ధరాత్రి స్ట్రెచర్ పక్కన నిలబడి తెలుసుకోవాల్సిన విషయం కాదది.

108 సంగతి అందరికీ తెలుసు. 2005 ఆగస్టు 15న మన హైదరాబాద్‌లోనే పుట్టిన సర్వీసు అది. చేయాల్సిందల్లా అడ్రస్ చెప్పడం ప్రాక్టీసు చేయించడం. టెన్షన్‌లో ప్లాటు నంబరు ఎవరికీ గుర్తురాదు. "నల్లకుంట, ఫలానా గుడి వెనక సందు, పసుపు బిల్డింగు" అని నాన్నతో నాలుగుసార్లు బయటికే చెప్పించాను. మనవరాలు ఆపరేటర్‌గా నటించింది. ఆ ఆట ఇద్దరికీ నచ్చింది.

నాలుగో అడుగు: చేతిలో నాలుగు రూపాయలు

చేయూత అని ఇప్పుడు పిలుస్తున్న ఆసరా పెన్షన్ 2014లో నెలకు 1,000తో మొదలైంది. 2019లో వృద్ధాప్య పెన్షన్ 2,016 అయింది, 2022లో అర్హత వయసు 65 నుంచి 57కు తగ్గింది. ఆదాయ పరిమితి ఉంటుంది, వృద్ధాప్య పెన్షన్ మామూలుగా ఇంటికి ఒకరికే ఇస్తారు.

ఇక్కడ నా తెలివి ఒకటి చెప్పాలి. మా చిన్నాన్నది కూకట్‌పల్లి. ఆయన పెన్షన్ ఆగిపోతే కాగితాలు పట్టుకుని, సోమవారం జనం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి హైదరాబాద్ కలెక్టరేట్‌కు వెళ్లాం. క్యూలో గంటన్నర నిలబడ్డాక తెలిసింది, కూకట్‌పల్లి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా అని. హైదరాబాద్ అని మనం పిలిచే ఊరు కొన్ని జిల్లాల్లో పరుచుకుని ఉంది. ఉప్పల్, మల్కాజిగిరి, కూకట్‌పల్లి మేడ్చల్-మల్కాజిగిరిలోకి వస్తాయి. ఎల్బీనగర్, శేరిలింగంపల్లి రంగారెడ్డి. పటాన్‌చెరు సంగారెడ్డి. నల్లకుంట, ముషీరాబాద్, చార్మినార్, సికింద్రాబాద్ లాంటివి హైదరాబాద్ జిల్లా. పెన్షన్, పెద్దవాళ్ల పోషణ కేసులు చూసే ట్రైబ్యునల్, వృద్ధుల సంక్షేమ శాఖ, అన్నీ జిల్లా లెక్కే. మీ మండలం, జిల్లా పేర్లు కాగితాల కవరు మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకోండి. చిన్నాన్న ఆ రోజు నన్నేమీ అనలేదు, తిరిగొచ్చే బస్సులో మాత్రం చుట్టాలకు ఫోన్ చేసి మరీ చెప్పారు.

ఉద్యోగం చేసి రిటైరైనవాళ్లకు నవంబర్ నెల లైఫ్ సర్టిఫికెట్ నెల, అంటే పెన్షన్ ఆగకుండా బతికే ఉన్నామని రుజువు ఇచ్చే నెల. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లలో 80 దాటినవారు అక్టోబర్ నుంచే ఇవ్వొచ్చు. ఈపీఎఫ్ పెన్షన్ అయితే ఏ నెలలో ఇచ్చినా అక్కడి నుంచి ఏడాది చెల్లుతుంది. 2021 నుంచి వేలిముద్ర లేకుండా ఫోన్ కెమెరాలో మొహం చూపించి జీవన్ ప్రమాణ్ (డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్) చేసుకునే వీలుంది. కిటికీకి ఎదురుగా, వెనక తెల్లగోడ ఉండేలా కుర్చీ వేయండి. కళ్లద్దాలు తీయించండి. రెప్ప కొట్టమన్నప్పుడు నెమ్మదిగా, గట్టిగా కొట్టాలి. నాన్న నాలుగుసార్లు ఫెయిలయ్యారు. అయిదోసారి విసుగొచ్చి కళ్లు గట్టిగా మూసి తెరిచారు, అయిపోయింది. ఇంట్లో ఫోన్ తెలిసినవాళ్లు లేకపోతే పోస్ట్‌మ్యాన్ ఇంటికే వచ్చి కొద్దిపాటి ఫీజుతో చేస్తారు, పోస్టాఫీసులో అడగండి. కదలలేని 70 ఏళ్లు దాటినవారికి నగదు తెచ్చిచ్చే లాంటి సేవలు ఇంటి దగ్గరే అందించాలని రిజర్వ్ బ్యాంక్ 2017లోనే బ్యాంకులకు చెప్పింది. అడగనివాళ్లకు ఎవరూ చెప్పరు. బ్రాంచిలో కాగితం మీద రాసివ్వండి.

ఫోన్‌లో బెదిరింపులు. "మీ పేరు మీద పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయి, మిమ్మల్ని డిజిటల్ అరెస్ట్ చేశాం" అని యూనిఫాంలో వీడియో కాల్ వస్తుంది. చట్టంలో అలాంటి అరెస్టు లేదు. నాన్నకు నేర్పింది ఒకటే: ఫోన్ పెట్టేసి కిందికెళ్లి చాయ్ తాగు, తర్వాత నాకు చెప్పు. డబ్బు పోయినట్టు తెలిస్తే మాత్రం ఒక్క నిమిషం ఆలోచించకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. డబ్బు ఇంకో ఖాతాలోకి దాటిపోకముందే ఆపే అవకాశం అప్పుడే ఉంటుంది. ఇంట్లో తిడతారన్న భయంతో చాలామంది పెద్దవాళ్లు రెండు రోజులు దాచిపెడతారు. తిట్టనని ముందే మాటివ్వండి.

అయిదో అడుగు: రోజుకో చోటు

మందులకన్నా నాన్నకు ఎక్కువ పనిచేసింది ఇదే కాబట్టి కాస్త విపులంగా రాస్తాను.

పెద్దవాళ్లకు "ఎక్కడికైనా వెళ్లండి" అని చెబితే ఎక్కడికీ వెళ్లరు. ఫలానా రోజు, ఫలానా టైము, ఫలానా చోటు అని ఉండాలి. నల్లకుంట, చిక్కడపల్లి, బాగ్‌లింగంపల్లి ప్రాంతాల్లో ఉన్నవాళ్లు అదృష్టవంతులు. త్యాగరాయ గానసభలో సంగీతమో, సన్మానమో, పుస్తకావిష్కరణో ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది, చాలావాటికి టికెట్ ఉండదు. ముందు వరుసల్లో కూర్చునేది అరవై దాటినవాళ్లే. బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో సభలు జరుగుతాయి. అబిడ్స్ వైపు వెళ్లగలిగితే తెలంగాణ సారస్వత పరిషత్తు ఉంది, లకిడీకాపూల్ దగ్గర రవీంద్రభారతి. బంజారాహిల్స్‌లో ఉన్నవాళ్లకు లామకాన్ అనే సాంస్కృతిక కేంద్రం. అక్కడ కుర్రకారు ఎక్కువ, అయినా చెట్టు కింద చాయ్ తాగుతూ కూర్చునే పెద్దవాళ్లను చాలాసార్లు చూశాను.

గ్రంథాలయాలను మర్చిపోకండి. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నాం. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పోటీ పరీక్షల పిల్లలు పొద్దున్నే కుర్చీలు పట్టేస్తారు, పేపర్ల విభాగంలో మాత్రం పెద్దవాళ్లదే రాజ్యం. సుల్తాన్ బజార్‌లో 1901లో పెట్టిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం, అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం చూడాల్సిన చోట్లు.

నాన్నను మొదటిరోజు లైబ్రరీకి తీసుకెళ్లి నేను బయట నిలబడ్డాను. లోపల పొడవాటి బల్ల. ఒకాయన పేపర్ మెయిన్ షీటు చదువుతున్నారు, జిల్లా పేజీలు పక్కాయన దగ్గర, ఆటల పేజీ ఇంకొకరి దగ్గర. నాన్న ఏమీ అడగలేదు, కూర్చున్నారు. కాసేపటికి పక్కాయన చదవడం అయిపోయిన పేజీని బల్ల మీద నెమ్మదిగా నాన్న వైపు జరిపారు. మాటల్లేవు. మూడో రోజు ఆ పేజీ జరిపినాయన ఆలేరు మనిషని తెలిసింది. ఇప్పుడు ఇద్దరూ పదకొండింటికి చాయ్‌కి లేస్తారు.

పార్కుల్లో ఇందిరా పార్కు, సంజీవయ్య పార్కు, కృష్ణకాంత్ పార్కు, పబ్లిక్ గార్డెన్స్, కేబీఆర్, ఏది దగ్గరైతే అది. నడిచే బాటకన్నా బెంచీలు చూసి ఎంచుకోండి. పొద్దున ఆరింటికి యోగా చేసే గుంపు, ఏడున్నరకు రాజకీయాలు మాట్లాడే గుంపు, రెండూ ప్రతి పార్కులో ఉంటాయి. మీ పెద్దాయన ఏ గుంపు మనిషో మీకే తెలియాలి.

ఆడవాళ్ల సంగతి వేరు, ఒప్పుకోవాలి. లైబ్రరీ బల్ల చుట్టూ ఆడవాళ్లు కనబడటం తక్కువ. మా అత్తయ్యకు సరిపడింది గుడిలో శనివారం విష్ణుసహస్రనామం బృందం. అక్కడికి వెళ్లేది పారాయణం కోసమే అయినా, ఆ తర్వాత మెట్ల మీద కూర్చుని మాట్లాడుకునే ముప్పావుగంటే అసలు పండగ. మహాలక్ష్మి పథకం వచ్చిన 2023 డిసెంబర్ 9 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు. తెలంగాణ అడ్రస్ ఉన్న అసలు గుర్తింపు కార్డు చూపించాలి, జిరాక్స్ ఒప్పుకోరు. అత్తయ్య కార్డును చీరకొంగుకు పిన్నుతో పెట్టుకున్న చిన్న పర్సులో పెట్టుకుంటుంది. బస్సు మెట్టు ఎత్తు ఆమెకు ఇబ్బందే, అందుకే రద్దీ తగ్గాక పదకొండు దాటి ఎక్కుతుంది. మెట్రో స్టేషన్లలో లిఫ్టులున్నాయి, ఎటువైపు గేటులో ఉందో ముందే చూసి పెట్టండి. రోడ్డుకు అవతల ఉంటే ఆ లిఫ్టు మనకు లేనట్టే.

ఆరో అడుగు: ఇంట్లో మనిషిని పెట్టుకోవాల్సి వస్తే

ఒక ఏజెన్సీకి నెల అడ్వాన్స్ కట్టాం. అటెండెంట్ ఆరో రోజు చెప్పకుండా వెళ్లిపోయాడు. వేరే మనిషిని పంపడానికి వాళ్లకు పన్నెండు రోజులు పట్టింది, డబ్బు మాత్రం తిరిగి రాలేదు. అందుకే చెబుతున్నాను, ముందే కాగితం మీద రాయించుకోండి: మనిషి మానేస్తే ఎన్ని గంటల్లో ఇంకొకరిని పంపాలి, వారపు సెలవు ఎప్పుడు, పన్నెండు గంటలా ఇరవైనాలుగా, భోజనం ఎవరిది, స్నానం చేయించడం పనిలో ఉందా లేదా. "అన్నీ చేస్తారు సార్" అనే మాటకు విలువ లేదు. ఆధార్ కాపీ తీసుకుని పోలీస్ వెరిఫికేషన్ అయ్యిందో లేదో అడగండి. మొదటి మూడు రోజులు మీలో ఒకరు సెలవు పెట్టి ఇంట్లో ఉండండి.

ఏడో అడుగు: మతిమరుపు, దిగులు

తాళాలు మర్చిపోవడం వేరు, తాళం దేనికో మర్చిపోవడం వేరు. రెండోది కనబడితే "వయసు కదా" అని వదిలేయకుండా నరాల డాక్టరుకు చూపించండి. పంజాగుట్ట నిమ్స్‌కు వచ్చిన 648 మంది డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడినట్టు అందులో తేలింది. చదువురానివారిలోనూ ఆ తేడా కనిపించింది. తెలుగు, ఉర్దూ కలిపి మాట్లాడే మన ఊరికి ఇది పనికొచ్చే మాటే. నాన్న చిన్నప్పుడు ఉర్దూ మీడియం. చాయ్ హోటలతనితో ఇప్పుడు ఆ భాషే మాట్లాడతారు, మేం ఆపం.

అల్జీమర్స్ ఉన్నవారి కుటుంబాలకు ఏఆర్‌డీఎస్ఐ (అల్జీమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ ఆఫ్ ఇండియా) హైదరాబాద్ డెక్కన్ శాఖ సలహాలిస్తుంది. దిగులు, నిద్రలేమి, బతకాలని లేదన్న మాటలు వింటే 14416, అది టెలీ మానస్ నంబరు. ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.

ఎనిమిదో అడుగు: ఇల్లు రాసిచ్చే ముందు

ఈ అడుగు మీ ఇంట్లో పెద్దవాళ్లే చదవాలి. పిల్లలు చదివితే నొచ్చుకోవచ్చు, అయినా చదవాలి.

2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ప్రకారం, తమను తాము పోషించుకోలేని తల్లిదండ్రులు పిల్లల నుంచి నెలకు 10,000 వరకు మనోవర్తి అడగొచ్చు. పిల్లలు లేని 60 దాటినవారు, తమ ఆస్తి ఎవరికి దక్కుతుందో ఆ బంధువులను అడగొచ్చు. ఆర్డీఓ (రెవెన్యూ డివిజన్ అధికారి) స్థాయి అధికారి ఉండే ట్రైబ్యునల్‌కు తెల్లకాగితం మీద దరఖాస్తు ఇస్తే చాలు. హైదరాబాద్ జిల్లాలో హైదరాబాద్, సికింద్రాబాద్ అని రెండు డివిజన్లున్నాయి. నోటీసు ఇచ్చిన 90 రోజుల్లో తేల్చాలని చట్టం చెబుతుంది, మరీ అవసరమైతే ఇంకో 30 రోజులు. తీర్పు నచ్చకపోతే 60 రోజుల్లో కలెక్టర్ దగ్గర అప్పీలు చేసుకోవచ్చు.

ఇల్లు గిఫ్ట్ డీడ్ చేసేవాళ్లు 23వ సెక్షన్ గుర్తుపెట్టుకోండి. చూసుకుంటారన్న షరతు మీద ఆస్తి రాసిచ్చాక చూసుకోకపోతే, ఆ బదిలీని రద్దు చేయమని ట్రైబ్యునల్‌ను అడగొచ్చు. ఆ షరతు ఎక్కడుంది అన్న దగ్గరే గొడవంతా వస్తుంది. "వాడు నా కొడుకే కదా, రాయడం ఎందుకు" అని దస్తావేజులో పెట్టించరు. పెట్టించండి. "జీవితకాలం ఈ ఇంట్లో నివాసం, భోజనం, వైద్యం చూసుకోవాలి, లేనిపక్షంలో ఈ దానం రద్దు చేసుకునే హక్కు నాకుంది" అనే అర్థం వచ్చేలా డాక్యుమెంట్ రైటర్‌తో రాయించి, రిజిస్ట్రేషన్‌కు ముందు ఎవరితోనైనా బయటికి చదివించుకుని వినండి. ఇంకా మంచిది, వీలునామా రాయడం. అది మీ తర్వాతే అమల్లోకి వస్తుంది, ఈలోపు ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. నా అభిప్రాయం అడిగితే, కాళ్లూచేతులూ ఆడుతుండగా ఇల్లు ఎవరి పేరునా పెట్టకూడదు. మా నాన్నకు ఈ మాట నేనే చెప్పాను. మా చెల్లెలు నవ్వింది కానీ కాదనలేదు.

ఉచిత న్యాయసలహాకు 15100. ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. కొట్టడం, తిండి పెట్టకపోవడం, బయటికి గెంటేయడం లాంటివి జరుగుతుంటే, మీ ఇంట్లో కాదు ఎదురింట్లో అయినా సరే, 14567కు ఫోన్ చేయండి. ఎల్డర్‌లైన్ అంటారు. ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా, అన్ని రోజులూ. దీనికి బీజం పడింది కూడా హైదరాబాద్‌లోనే. 2017లో టాటా ట్రస్ట్స్, విజయవాహిని సంస్థ కలిసి నగరంలోని వృద్ధుల కోసం మొదలుపెట్టాయి, తర్వాత దేశమంతా వచ్చింది. పెన్షన్ సందేహానికీ చేయొచ్చు, మాట్లాడేవాళ్లు లేరనీ చేయొచ్చు. ప్రాణం మీదికొస్తే మాత్రం నేరుగా 112.

తొమ్మిదో అడుగు: నయం కాని జబ్బయితే

తక్కువ మాటల్లో. నొప్పి భరించాల్సిన పనిలేదు. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో నొప్పి తగ్గించే పాలియేటివ్ విభాగం ఉంది. ఖాజాగూడలో స్పర్శ్ హాస్పిస్ డబ్బు తీసుకోకుండా చివరి రోజుల్లో చూసుకుంటుంది. అమ్మ విషయంలో ఇలాంటివి ఉన్నాయని మాకు ఆలస్యంగా తెలిసింది.

పదో అడుగు: గోడ మీద కాగితం

పదిహేడు నంబర్లలో ఆరు మిగిలాయి. 108, 112, 14567, 1930, నాది, పక్కింటివాళ్లది. ఏ4 కాగితం మీద, మంచం మీద పడుకుని చూసినా కనబడేంత పెద్ద అంకెలు వేసి, నాన్న మంచానికి ఎదురుగా, ఆయన కంటి ఎత్తులో అంటించాం. ఇంకొకటి బాత్‌రూమ్ పక్కన, నేలకు రెండడుగుల ఎత్తులో. పడినవాళ్లకు కనబడాలి కదా. రెండింటినీ ప్లాస్టిక్ కవర్‌లో పెట్టాం. మామూలు బటన్ ఫోన్ ఒకటి ఆయన మెడలో తాడుకు ఉంటుంది, ఒకటో బటన్ నొక్కి పట్టుకుంటే నాకు వస్తుంది.

మూడు నెలలకోసారి ఆ కాగితాన్ని ఆయనతోనే సరిచూడండి. పోయినసారి చూసేసరికి నాన్న పక్కింటివాళ్ల నంబరు పైన పెన్నుతో గీత కొట్టి, చాయ్ హోటలతని నంబరు రాసుకున్నారు. పక్కింటివాళ్లు వేసవి సెలవులకు ఊరెళ్లారట, నాకు తెలియనే తెలియదు.